వీల్యాన్‌కు ఒక రూట్: చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలో పీవీఎస్‌టీ సర్దుబాటు

తోతాపురి_చిత్తూరు

అందరికీ నమస్కారం. చిత్తూరు శివార్లలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నెట్‌వర్కు బాధ్యత చూస్తున్నాను. కొన్ని వారాల్లో కాయ రావడం మొదలవుతుంది. తోతాపురి దిగితే కాటా ముందు ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడతాయి, అప్పుడు ఏ స్విచ్‌ను ముట్టుకునే వీలుండదు. అందుకే ఇప్పుడే అడుగుతున్నాను.

అమరిక ఇది. ఆఫీసు భవనంలో ప్రధాన స్విచ్ కోర్-1, ప్రాసెసింగ్ హాలు పక్క గదిలో రెండో ప్రధాన స్విచ్ కోర్-2. రెండింటి మధ్య ఒక గిగాబిట్ ఫైబర్. హాలు స్విచ్ నుంచి రెండు కోర్లకూ చెరొక గిగాబిట్ లింకు. కాయ మాగబెట్టే షెడ్డులోని స్విచ్ కోర్-2కు గిగాబిట్‌తో కలుస్తుంది. గేటు దగ్గర కాటా గదిలో పాత స్విచ్ ఒకటి ఉంది. అక్కడికి పిడుగుల భయంతో రాగి కేబుల్ లాగకుండా ఫైబర్ వేసి, రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ను స్విచ్ రాగి పోర్టుకు కలిపే పెట్టెలు) పెట్టారు. కాటా స్విచ్ నుంచి ఒక లింకు కోర్-1కు, మరొకటి షెడ్డుకు వెళ్తాయి, రెండూ 100 మెగాబిట్లే. స్విచ్‌లన్నీ సిస్కోవే. వీల్యాన్‌లు, అంటే అవే స్విచ్‌ల మీద విడివిడిగా నడిచే నెట్‌వర్కులు: ఆఫీసుకు 10, యంత్రాలను నడిపే పీఎల్‌సీలకు 20, కెమెరాలకు 30, ఫోన్లకు 40, నిర్వహణకు 99.

బాధలు రెండు. కరెంటు పోయి జనరేటర్ అందుకున్న ప్రతిసారీ హాలులోని యంత్రాల తెరలు దాదాపు నిమిషం పాటు సర్వర్‌తో మాట్లాడవు. సర్వర్లు, కోర్లు, హాలు స్విచ్ అన్నీ యూపీఎస్ మీదే ఉన్నాయి, అవి ఆగడం లేదు. రెండోది, ఆఫీసు నుంచి కోర్-2 మీదున్న సర్వర్‌లో ఫైలు తెరిస్తే నత్తనడక. మధ్యలో గిగాబిట్ ఫైబర్ ఉండగా ఎందుకిలా? డేటా లూప్‌లో తిరగకుండా అదనపు దారులను మూసే స్పానింగ్ ట్రీ (మా స్విచ్‌లలో వీల్యాన్‌కొక చెట్టు ఉండే పీవీఎస్‌టీ) దానంతట అదే చూసుకుంటుందని అమర్చి వెళ్లిన కాంట్రాక్టర్ చెప్పారట. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

స్వర్ణముఖి

తోతాపురి గారూ, కాటా స్విచ్‌కు యూపీఎస్ ఉందా? అందరికంటే ముందు అదే అడగాలనిపించింది. రెండు కోర్ల మీదా వీల్యాన్ 10కి షో స్పానింగ్-ట్రీ ఆదేశం ఇచ్చి, రూట్ (చెట్టుకు మొదలైన స్విచ్) ఎవరు, కాస్ట్ (రూట్‌కు దూరం లెక్క) ఎంత, కోర్ల మధ్య లింకు ఏ స్థితిలో ఉంది, ఈ మూడూ రాయండి.

తోతాపురి_చిత్తూరు

కాటా గది యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో పోయిందట, కరెంటు పోగానే ఆ స్విచ్ ఆగిపోతుంది.

కోర్-1: రూట్ ప్రయారిటీ 32778, కాస్ట్ 19, రూట్ పోర్టు (రూట్‌కు చేర్చే పోర్టు) కాటా వైపు.
కోర్-2: అదే రూట్, కాస్ట్ 23, రూట్ పోర్టు షెడ్డు వైపు. కోర్-1కు వెళ్లే పోర్టు ఆల్టర్నేట్, బ్లాకింగ్, అంటే మూసి ఉంది.

రూట్ చిరునామా కాటా గదిలోని స్విచ్‌దే. వీల్యాన్ 20, 30 చూసినా ఇదే.

స్వర్ణముఖి

రెండు బాధలకూ మూలం అక్కడే ఉంది. కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మన వైపు చాలా ఫ్యాక్టరీల్లో, లాడ్జీల్లో ఇదే పరిస్థితి చూశాను.

రూట్ ఎన్నికలో మొదట చూసేది ప్రయారిటీ అనే అంకె, చిన్నదే గెలుస్తుంది. ఎవరూ ప్రయారిటీ పెట్టకపోతే ప్రతి స్విచ్‌కూ 32768 ఉంటుంది. దానికి వీల్యాన్ సంఖ్య కలుస్తుంది, మీకు 32778 కనిపించింది అందుకే. అందరూ సమానమైనప్పుడు ఎవరి మ్యాక్ చిరునామా (తయారీలోనే ఇచ్చే సంఖ్య) చిన్నదైతే వారే రూట్. ఒకే కంపెనీ స్విచ్‌లలో పాతదానికి చిన్న చిరునామా ఉండటం మామూలు. అలా మీ ఫ్యాక్టరీ మొత్తానికి నడిబొడ్డు కాటా గది అయింది.

ఇప్పుడు లెక్క చూడండి. 100 మెగాబిట్ల లింకుకు కాస్ట్ 19, గిగాబిట్‌కు 4. కోర్-1కు రూట్ దూరం 19. షెడ్డుకు కూడా 19. కోర్-2కు కోర్-1 మీదుగా 4 కలిపితే 23, షెడ్డు మీదుగా కూడా 23. సమానమైంది కాబట్టి పొరుగు స్విచ్‌లలో ఎవరి బ్రిడ్జి ఐడీ (ప్రయారిటీ, మ్యాక్ కలిసిన సంఖ్య) చిన్నదో చూస్తుంది. షెడ్డు స్విచ్ కోర్-1 కంటే పాతదై ఉంటుంది, అదే గెలిచింది. ఫలితంగా రెండు కోర్ల మధ్య ఉన్న గిగాబిట్ ఫైబర్ మూసుకుపోయింది. ఆఫీసు వాళ్లు ఫైలు తెరిస్తే ఆ డేటా కోర్-1 నుంచి గేటు దాకా వెళ్లి, అక్కడి నుంచి షెడ్డుకు పోయి, కోర్-2కు చేరుతోంది. ఆ దారిలో గేటుకు వచ్చి పోయే రెండు లింకులూ 100 మెగాబిట్లే, అదీ కెమెరాల చిత్రాలతో పాటు.

నిమిషం సంగతి కూడా ఇందులోనే ఉంది. కరెంటు పోతే రూట్ చనిపోతుంది. కోర్-1 పక్కనున్న కన్వర్టర్ యూపీఎస్ మీదే బతికి ఉంటుంది, దానికి ఫైబర్ తెగిన సంగతిని రాగి వైపుకు చేరవేసే సౌకర్యం లేకపోతే కోర్-1 పోర్టు వెలుగుతూనే ఉంటుంది. రూట్ పోయిందని కోర్-1కు తెలియాలంటే మ్యాక్స్ ఏజ్, అంటే రూట్ మాట వినబడకపోయినా ఆగి చూసే గడువు, 20 సెకన్లు గడవాలి. ఆ తర్వాత కొత్తగా తెరుచుకునే పోర్టు వినడానికి 15, నేర్చుకోవడానికి 15 తీసుకుంటుంది. మొత్తం 50 సెకన్లు. జనరేటర్ అందుకుని కాటా స్విచ్ లేచాక మళ్లీ అదే రూట్ అవుతుంది, మళ్లీ చెట్టంతా కదులుతుంది.

నీవా_తీరం

నేనూ చిత్తూరే. స్వర్ణముఖి గారు చెప్పిన లెక్క కాగితం మీద గీసి చూశాను, అక్షరాలా సరిపోయింది. తోతాపురి గారూ, మీరూ గీయండి. ప్రతి లింకు మీద కాస్ట్ రాసి, ప్రతి స్విచ్ నుంచి రూట్‌కు కూడితే, మూసుకునే పోర్టు ఏదో స్విచ్‌ను అడగకుండానే చెప్పగలుగుతారు. నా దగ్గర చేరే కుర్రాళ్లకు నేను మొదట నేర్పేది ఇదే.

తోతాపురి_చిత్తూరు

గీశాను. ఇన్నాళ్లూ గిగాబిట్ ఫైబర్ ఊరికే పడి ఉందా అని మనసు చివుక్కుమంది. ఇక ఏమి రాయాలో చెప్పండి. రూట్ ప్రైమరీ అనే ఒక్క ఆదేశం ఇస్తే చాలునని ఒకచోట చదివాను.

రేణిగుంట_జంక్షన్

ఆ ఆదేశం వాడకండి, అంకె నేరుగా రాయండి. రూట్ ప్రైమరీ అన్నది ఇచ్చిన క్షణంలో ఒక్కసారి లెక్క వేసే సదుపాయం. అప్పటి రూట్ ప్రయారిటీ 24576 కంటే ఎక్కువుంటే 24576 పెడుతుంది, లేకపోతే ఉన్న రూట్ కంటే 4096 తగ్గించి పెడుతుంది. కాన్ఫిగరేషన్‌లో మిగిలేది ఆ అంకె మాత్రమే. రేపు ఎవరైనా అంతకంటే చిన్న అంకెతో స్విచ్ తెస్తే అదేమీ మేలుకుని అడ్డుపడదు. పైగా ఆరు నెలల తర్వాత కాన్ఫిగరేషన్ చదివేవారికి 24576 ఎవరో ఆలోచించి పెట్టిందో, ఆదేశం పెట్టిందో తెలియదు.

ప్రయారిటీ 4096 గుణిజాల్లోనే ఉండాలి. పదహారు బిట్లలో పై నాలుగే మన చేతిలో ఉంటాయి, కింది పన్నెండూ వీల్యాన్ సంఖ్యవి. నేనైతే రూట్‌కు 4096, దాని ప్రత్యామ్నాయానికి 8192 ఇస్తాను. సున్నా ఇవ్వను, ఎప్పుడైనా తాత్కాలికంగా వేరే స్విచ్‌ను రూట్ చేయాల్సి వస్తే కింద ఒక మెట్టు ఖాళీగా ఉండాలి.

కోర్-1 మీద:

స్పానింగ్-ట్రీ మోడ్ రాపిడ్-పీవీఎస్‌టీ
స్పానింగ్-ట్రీ వీల్యాన్ 10,20,99 ప్రయారిటీ 4096
స్పానింగ్-ట్రీ వీల్యాన్ 30,40 ప్రయారిటీ 8192

కోర్-2 మీద అంకెలు తారుమారు. మోడ్ మాత్రం అన్ని స్విచ్‌ల మీదా ఒకటే.

చంద్రగిరి_కోట

నాకు ఇక్కడ అభ్యంతరం ఉంది. అయిదు వీల్యాన్‌లకు అయిదు చెట్లు ఎందుకు? కావలసిన ఆకారాలు రెండే. కొన్ని వీల్యాన్‌లకు కలిపి ఒకే చెట్టు ఇచ్చే ఎంఎస్‌టీలో రెండు ఇన్‌స్టెన్స్‌లు, అంటే రెండు చెట్లు పెట్టి, వీల్యాన్‌లను అటూ ఇటూ పంచేస్తే సరిపోతుంది. అది ప్రమాణం, 802.1ఎస్ పేరుతో 2002లోనే వచ్చింది, ఏ కంపెనీ స్విచ్ అయినా మాట్లాడుతుంది. పీవీఎస్‌టీ ఒక కంపెనీ సొంత పద్ధతి. ఈ రోజు అన్నీ ఒకే కంపెనీవి కావచ్చు, రేపు కొనుగోళ్ల విభాగం ధర చూసి వేరేది తెస్తే అప్పుడు మొదలవుతుంది తలనొప్పి.

స్వర్ణముఖి

చంద్రగిరి గారి మాటలో బలం ఉంది, కొత్తగా కట్టే పెద్ద నెట్‌వర్కు అయితే నేనూ ఎంఎస్‌టీ వైపే మొగ్గుతాను. కానీ దానికి ప్రాంతం (ఒకే ఎంఎస్‌టీ అమరిక ఉన్న స్విచ్‌ల గుంపు) పేరు, రివిజన్ సంఖ్య, వీల్యాన్ పట్టిక మూడూ ప్రతి స్విచ్ మీదా ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి. కొత్త వీల్యాన్‌ను ఇన్‌స్టెన్స్‌కు కేటాయిస్తూ ఒక స్విచ్‌ను మరిచిపోతే అది వేరే ప్రాంతం అయిపోతుంది. ఫ్యాక్టరీలో ఒకే మనిషి అన్నీ చూసుకుంటున్నప్పుడు, సీజను ముందర, ఉన్న పద్ధతిని వేగవంతం చేసి రూట్‌ను సరిదిద్దడమే భద్రం. అయిదు చెట్లు ఆ స్విచ్‌లకు బరువేమీ కాదు.

కొర్లగుంట_విద్యార్థి

నమస్కారం సార్. తిరుపతిలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. పాఠంలో స్పానింగ్ ట్రీ అంటే లూప్ రాకుండా ఒక లింకు మూసేయడం అని చెప్పారు. అలాంటప్పుడు వీల్యాన్‌కొక చెట్టు వల్ల లాభం ఏమిటి? మూసిన లింకు మూసినట్టే కదా?

అలిపిరి_నడకదారి

తమ్ముడూ, మూసేది లింకును కాదు, ఒక వీల్యాన్‌కు ఆ పోర్టును. అదే పోర్టు ఇంకో వీల్యాన్‌కు తెరిచి ఉండవచ్చు. మన తిరుమల ఘాట్ రోడ్లు ఉన్నాయి కదా. ఎక్కేవారికి రెండోది, దిగేవారికి మొదటిది. రెండు రోడ్లూ పనిచేస్తున్నాయి, ఎదురెదురు పడటం లేదు. వానల్లో కొండచరియలు విరిగి ఒకటి మూతపడితే రెండో దాని మీదే రెండు వైపుల వాహనాలనూ వదులుతారు. పీవీఎస్‌టీ కూడా ఆఫీసు డేటాకు ఒక లింకు, కెమెరాలకు మరొక లింకు ఇచ్చి, ఒకటి తెగితే మిగిలినదాని మీదకు అన్నింటినీ మళ్లిస్తుంది. అందరికీ ఒకే చెట్టు ఉంటే రెండో లింకు తెగేదాకా ఖాళీగా కూర్చుంటుంది.

మూల పద్ధతి రేడియా పెర్ల్‌మన్ గారు 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో ఉండగా రూపొందించారు. వీల్యాన్‌లు ప్రమాణంలోకి వచ్చింది చాలా తర్వాత. వేగవంతమైన రూపం 802.1డబ్ల్యూ 2001లో వచ్చింది. రాపిడ్-పీవీఎస్‌టీ అంటే ఆ వేగాన్ని ప్రతి వీల్యాన్ చెట్టుకూ అమర్చడం.

తోతాపురి_చిత్తూరు

అలిపిరి గారు చెప్పింది చదివాక ఒక ఆశ పుట్టింది. కాటా స్విచ్‌కు రెండు 100 మెగాబిట్ల లింకులు ఉన్నాయి కదా. తూకం, ఆఫీసు డేటా కోర్-1 దారిలో, కెమెరాలు షెడ్డు దారిలో పంపితే? గేటు దగ్గర కెమెరాలే ఎక్కువ. రికార్డర్ కోర్-2 మీదే ఉంది. వీల్యాన్ 30కి కోర్-2ను రూట్ చేస్తే అదే జరుగుతుందా?

రేణిగుంట_జంక్షన్

దానంతట అది జరగదు, లెక్క చూడండి. వీల్యాన్ 30కి కోర్-2 రూట్. కాటా నుంచి కోర్-1 మీదుగా 19, 4 కలిపి 23. షెడ్డు మీదుగా కూడా 19, 4 కలిపి 23. మళ్లీ సమానం. పొరుగు బ్రిడ్జి ఐడీలు పోల్చుతుంది. కోర్-1కు మనం 8192 ఇచ్చాం, షెడ్డుకు 32768. కాబట్టి కోర్-1 దారే ఎంచుకుంటుంది.

కాటా స్విచ్ మీద, కోర్-1 వైపు పోర్టులో ఒక్క గీత రాయండి:

స్పానింగ్-ట్రీ వీల్యాన్ 30 కాస్ట్ 30

ఆ దారి 34 అవుతుంది, కెమెరాలు 23 ఉన్న షెడ్డు వైపు తిరుగుతాయి. మిగతా వీల్యాన్‌లకు ఆ పోర్టు 19గానే ఉంటుంది. కాస్ట్ అనేది రూట్ వైపు చూసే పోర్టులో, లోపలికి వచ్చే బీపీడీయూకు (స్పానింగ్ ట్రీ కోసం స్విచ్‌లు పంపుకునే సందేశానికి) కలుస్తుంది. కోర్-1 మీద రాస్తే కాటాకు ఏ మార్పూ కనిపించదు. ఇక్కడే చాలామంది తికమక పడతారు.

అన్ని స్విచ్‌లలో కాస్ట్ పద్ధతి ఒకటేనా అని కూడా చూడండి. పాత పొట్టి పద్ధతిలో గిగాబిట్‌కు 4, కొత్త పొడుగు పద్ధతిలో 20,000. ఒక స్విచ్ పొట్టిలో, మరొకటి పొడుగులో ఉంటే కూడికకు అర్థం ఉండదు.

చంద్రగిరి_కోట

పోర్టుకొక కాస్ట్ రాసుకుంటూ పోవడం నాకు నచ్చదు. రాత్రిపూట లింకు పోయి, వేరే మనిషి వచ్చి చూస్తే కెమెరాలు ఒక దారిలో, తూకం మరొక దారిలో ఎందుకు పోతున్నాయో తెలియక గంట పోతుంది. ఇక్కడ 100 మెగాబిట్ల లింకు మీద కెమెరాల బరువు నిజంగా ఉంది కాబట్టి ఒప్పుకుంటాను. పోర్టు డిస్క్రిప్షన్‌లో కారణం రాసి పెట్టండి.

అలిపిరి_నడకదారి

స్విచ్‌లో మొదటి నుంచీ ఉండే వీల్యాన్ 1 మాట ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు. రేణిగుంట గారి ఆదేశాల్లో 10, 20, 99, 30, 40 ఉన్నాయి. వీల్యాన్ 1ని వదిలేస్తే దానికి కాటా స్విచ్చే రూట్‌గా మిగులుతుంది. మనం ఆ వీల్యాన్‌ను వాడకపోయినా, సిస్కో స్విచ్ ట్రంక్ (చాలా వీల్యాన్‌లను మోసే లింకు) మీద ట్యాగ్ (వీల్యాన్ సంఖ్య గుర్తు) లేకుండా పంపే ప్రామాణిక బీపీడీయూ వీల్యాన్ 1 చెట్టుదే. వేరే కంపెనీ స్విచ్‌కు అర్థమయ్యేది అదొక్కటే. మిగతా వీల్యాన్‌ల బీపీడీయూలు సిస్కో సొంత మల్టీకాస్ట్ (ఒక గుంపుకు పంపే) చిరునామాకు పోతాయి, వేరే స్విచ్ వాటిని చదవదు, మామూలు మల్టీకాస్ట్ అనుకుని అన్ని పోర్టులకూ వదులుతుంది.

తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జీలో దీని ఫలితం చూశాను. అంతస్తుల మధ్య చవకైన వేరే స్విచ్ ఒకటి రింగులో పెట్టారు. అది వీల్యాన్ 1 లెక్క ప్రకారం తన పోర్టు మూసేది. తన దగ్గర ఉన్నది ఒకే చెట్టు కాబట్టి ఆ పోర్టు అన్ని వీల్యాన్‌లకూ మూతే. పై అంతస్తు గదుల టీవీలు ఒక దారిలో, వైఫై మరొక దారిలో పోవాలని గీసుకున్న బొమ్మ అక్కడ చెల్లలేదు. బ్రహ్మోత్సవాల్లో గదులన్నీ నిండి ఉండగా వెతుక్కోవాల్సి వచ్చింది. కాబట్టి వీల్యాన్ 1ని కూడా కోర్-1 జాబితాలో 4096తో, కోర్-2లో 8192తో చేర్చండి. వేరే కంపెనీ స్విచ్ కొంటే రింగులో పెట్టకుండా ఒకే లింకుతో చివర వేలాడదీయండి.

రేణిగుంట_జంక్షన్

వీల్యాన్ 1 సంగతి గుర్తు చేసినందుకు ధన్యవాదాలు, అది తప్పక చేర్చాలి. దానితో పాటు నేటివ్ వీల్యాన్ (ట్రంక్ మీద ట్యాగ్ లేకుండా పోయే వీల్యాన్) రెండు చివర్లా ఒకటే ఉందో లేదో చూడండి. తేడా ఉంటే పోర్టు పీవీఐడీ ఇన్‌కన్సిస్టెంట్ అని చూపించి ఆ వీల్యాన్‌లను ఆపేస్తుంది.

ఇంకొకటి, కోర్-1లో కాటా వైపు, హాలు వైపు పోర్టులకు, అలాగే కోర్-2లో షెడ్డు, హాలు వైపు పోర్టులకు రూట్ గార్డ్ పెట్టేయండి. రేపు ఎవరో సున్నా ప్రయారిటీతో స్విచ్ తెచ్చినా రూట్ కదలదు.

స్వర్ణముఖి

ఇది మాత్రం వద్దు, రేణిగుంట గారూ. ఇక్కడ వీల్యాన్‌ను బట్టి రూట్ రెండు కోర్ల మీద పంచాం. కోర్ల మధ్య ఫైబర్ తెగిందనుకోండి. వీల్యాన్ 30కి రూట్ అయిన కోర్-2 మాట కోర్-1కు చేరాలంటే హాలు మీదుగానో, షెడ్డు, కాటాల మీదుగానో రావాలి. అంటే మేలైన బీపీడీయూ సరిగ్గా మీరు రూట్ గార్డ్ పెట్టిన పోర్టుల్లోకే వస్తుంది. గార్డ్ ఆ పోర్టును ఆపుతుంది. ప్రత్యామ్నాయ దారి ఉండీ వీల్యాన్ 30 రెండు ముక్కలవుతుంది. రూట్ గార్డ్‌ను ఏ పరిస్థితిలోనూ రూట్ అటు నుంచి రాకూడని పోర్టులకే ఉంచాలి. సెక్యూరిటీ క్యాబిన్ లాంటి చోట ఒకే లింకుతో వేలాడే స్విచ్ ఉంటే అక్కడ పెట్టండి. రింగు లింకుల మీద పెట్టకండి.

రేణిగుంట_జంక్షన్

హాలు స్విచ్ మీదుగా గీసి చూశాను. మీరు చెప్పినట్టే తెగిపోతుంది. రింగులో పెట్టవద్దు, తోతాపురి గారూ.

నీవా_తీరం

ఈ కన్వర్టర్ల మీద నాకు ఎప్పుడూ అనుమానమే. రాపిడ్ మోడ్‌కు మార్చాక షో స్పానింగ్-ట్రీలో చివరి వరుస చూడండి. కాటా వైపు పోర్టు పీ2పీ అని ఉండాలి. షేర్డ్ అని చూపిస్తే లింకు హాఫ్ డూప్లెక్స్‌లో (ఒకసారి ఒకవైపే డేటా పోయే స్థితిలో) ఉందని అర్థం, అక్కడ పోర్టును వెంటనే తెరిచే ప్రపోజల్, అగ్రిమెంట్ జరగవు, పాత 30 సెకన్లే. చాలాసార్లు కన్వర్టర్‌ను 100 ఫుల్‌కు బిగించి, స్విచ్‌ను ఆటోలో వదులుతారు. ఆటో వైపు ఉన్న పోర్టుకు అవతలి నుంచి జవాబు రాక హాఫ్‌లో కూర్చుంటుంది. పోర్టులో లెక్కలేనన్ని లేట్ కొలిజన్లు (డేటా ఢీకొనడాలు), సీఆర్‌సీ తప్పులు (పాడైన డేటా) కనిపిస్తే ఇదే కారణం. రెండు వైపులా ఆటో, లేదంటే రెండు వైపులా బిగింపు.

అలాగే పీర్ ఎస్‌టీపీ అని కనిపిస్తే అవతలి స్విచ్ ఇంకా పాత పద్ధతిలోనే మాట్లాడుతోందన్నమాట.

ఒక పోగు తెగి ఒకవైపే కాంతి పోయే సందర్భం మరీ చెడ్డది. బీపీడీయూలు రావడం ఆగితే మూసి ఉన్న పోర్టు ఇక లూప్ లేదనుకుని తెరుచుకుంటుంది. కాటాలో షెడ్డు వైపు, కోర్-1 వైపు పోర్టుల్లో, బీపీడీయూలు ఆగినా పోర్టును తెరవనివ్వని లూప్ గార్డ్ ఉంచండి. ఒకవైపే పనిచేసే లింకును పట్టే యూడీఎల్‌డీ కూడా వాడవచ్చు, కానీ కన్వర్టర్ ముందున్నది రాగి పోర్టు కాబట్టి స్విచ్ మొత్తానికి ఇచ్చే ఆదేశం దానికి వర్తించదు, ఆ పోర్టులోకి వెళ్లి విడిగా ఇవ్వాలి.

తోతాపురి_చిత్తూరు

ఇవాళ చూశాను. షెడ్డుకు వెళ్లే పోర్టు కాటా వైపు హాఫ్ డూప్లెక్స్‌లోనే ఉంది. కన్వర్టర్‌లో చిన్న మీట ఒకటి బిగింపు స్థితిలో ఉంది, ఆటోకు తిప్పాను, ఫుల్ అయింది. తప్పుల లెక్క సున్నా చేసి గమనిస్తున్నాను, పెరగడం లేదు.

మార్పు ఆదివారం పొద్దున చేద్దామనుకుంటున్నాను. ఏ వరుసలో చేయాలి?

స్వర్ణముఖి

మొదట కోర్-1, కోర్-2 ప్రయారిటీలు మాత్రమే. అంతే చేసి ఆగండి. కోర్ల మధ్య ఫైబర్ తెరుచుకుందో, కాటా స్విచ్ రూట్ కాకుండా పోయిందో చూడండి. ఆ సమయంలో పాత మోడ్ కాబట్టి అర నిమిషం పైగా అంతరాయం ఉంటుంది, భయపడకండి.

తర్వాత మోడ్. మోడ్ మార్చినప్పుడు ఆ స్విచ్ మీద చెట్లన్నీ ఆగి కొత్తగా మొదలవుతాయి. దూరం నుంచి పని చేస్తుంటే మీ లాగిన్ తెగవచ్చు. కాటా, షెడ్డు స్విచ్‌లకు ముందుగా రీలోడ్ ఇన్ 10 ఇచ్చి, సేవ్ చేయకుండా మార్చండి. పది నిమిషాల్లో తిరిగి లోపలికి రాగలిగితే రీలోడ్ రద్దు చేసి సేవ్ చేయండి. రాలేకపోతే స్విచ్ దానంతట అదే పాత కాన్ఫిగరేషన్‌తో లేస్తుంది. కోర్ల దగ్గర మాత్రం కన్సోల్ కేబుల్‌తో కూర్చోండి.

ట్రంక్‌లో వీల్యాన్ చేర్చాల్సి వస్తే అలౌడ్ వీల్యాన్ తర్వాత యాడ్ అన్న మాట తప్పక ఉండాలి. అది లేకుండా ఇస్తే పాత జాబితా మొత్తం పోయి కొత్త సంఖ్య ఒక్కటే మిగులుతుంది.

అలిపిరి_నడకదారి

చివరగా పరికరాల పోర్టులు. పీఎల్‌సీ, కెమెరా, ఫోను, కంప్యూటర్ ఉన్న ప్రతి పోర్టుకూ పోర్ట్‌ఫాస్ట్ (ఆగకుండా వెంటనే తెరుచుకునే ఏర్పాటు), బీపీడీయూ గార్డ్ రెండూ పెట్టండి. పోర్ట్‌ఫాస్ట్ లేకపోతే కెమెరా తిరిగి వెలిగిన ప్రతిసారీ అది టోపాలజీ (నెట్‌వర్కు ఆకారం) మార్పుగా లెక్కకు వస్తుంది. ఏ చిరునామా ఏ పోర్టులో ఉందో రాసుకున్న ఆ వీల్యాన్ మ్యాక్ పట్టికను స్విచ్‌లన్నీ తుడిచేస్తాయి, కాసేపు డేటా అన్ని పోర్టులకూ వెల్లువెత్తుతుంది. జనరేటర్ అందుకున్నాక షెడ్డులోని కెమెరాలన్నీ ఒకేసారి లేస్తాయి కదా.

బీపీడీయూ గార్డ్ ఎందుకంటే, ఎవరో బల్ల కింద చిన్న స్విచ్ పెట్టి, దాని రెండు కేబుళ్లూ గోడకే గుచ్చుతారు. మన బీపీడీయూ మనకే తిరిగి వస్తుంది, గార్డ్ పోర్టును ఆపేస్తుంది. తిరిగి తెరవడానికి ఎర్‌డిజేబుల్ రికవరీ పెట్టుకుంటే మామూలుగా 300 సెకన్లకు ప్రయత్నిస్తుంది. కానీ పోర్టులో బీపీడీయూ ఫిల్టర్ మాత్రం ఎవరు చెప్పినా పెట్టకండి. అది బీపీడీయూలను పంపదు, వచ్చినవాటిని పట్టించుకోదు, అంటే ఆ పోర్టులో స్పానింగ్ ట్రీ లేనట్టే.

కొర్లగుంట_విద్యార్థి

ఇంకొక సందేహం సార్. మా కళాశాల ల్యాబ్‌లో వీల్యాన్‌లు చాలా ఎక్కువ సృష్టించారు. ఎన్ని చెట్లయినా పెట్టవచ్చా?

చంద్రగిరి_కోట

పెట్టలేం. సిస్కో కాటలిస్ట్ 2960 లాంటి స్విచ్‌కు 128 ఇన్‌స్టెన్స్‌లే పరిమితి. అది దాటాక సృష్టించిన వీల్యాన్ పనిచేస్తుంది, కానీ దానికి స్పానింగ్ ట్రీ ఉండదు. లూప్ పడితే ఆపేవారుండరు. వాడని వీల్యాన్‌లను తీసేయండి. నిజంగానే అన్ని కావాలంటే, నేను మొదటి నుంచీ చెబుతున్న ఎంఎస్‌టీ అక్కడ సరైన జవాబు.

తోతాపురి_చిత్తూరు

ఆదివారం పని ముగిసింది. స్వర్ణముఖి గారు చెప్పిన వరుసలోనే వెళ్లాను.

ప్రయారిటీలు పెట్టగానే కోర్ల మధ్య ఫైబర్ ఫార్వర్డింగ్‌కు వచ్చింది. ఆఫీసు నుంచి సర్వర్‌లోని పెద్ద ఫైలు తెరిస్తే వెంటనే వస్తోంది, లెక్కల విభాగంలో కూర్చునే అక్క ఫోన్ చేసి కొత్త సర్వర్ కొన్నారా అని అడిగింది. వీల్యాన్ 10కి కాటా స్విచ్‌లో షెడ్డు వైపు పోర్టు ఆల్టర్నేట్, వీల్యాన్ 30కి కోర్-1 వైపు పోర్టు ఆల్టర్నేట్. రెండు 100 మెగాబిట్ల లింకులూ పనిచేస్తున్నాయి. వీల్యాన్ 1 కూడా కోర్-1కే వచ్చింది.

సాయంత్రం అనుమతి తీసుకుని మెయిన్ కరెంటు తీయించి జనరేటర్ వేయించాం. కాటా స్విచ్ ఆగింది, లేచింది. హాలులో యంత్రం తెర నుంచి సర్వర్‌కు పంపుతున్న పింగ్ ఒక్కటి కూడా తప్పలేదు.

ఒక సంగతి మాత్రం మిగిలింది. షో స్పానింగ్-ట్రీ డీటెయిల్‌లో వీల్యాన్ 30కి టోపాలజీ మార్పుల లెక్క ఇంకా పెరుగుతూనే ఉంది. పరికరాల పోర్టులన్నింటికీ పోర్ట్‌ఫాస్ట్ పెట్టాననే అనుకుంటున్నాను.

నీవా_తీరం

ఆ అవుట్‌పుట్‌లోనే చివరి మార్పు ఏ పోర్టు నుంచి వచ్చిందో రాసి ఉంటుంది. కోర్-2లో షెడ్డు వైపు పోర్టు కనిపిస్తే షెడ్డు స్విచ్‌లోకి వెళ్లి అదే ఆదేశం ఇవ్వండి. అలా ఒక్కో స్విచ్ దాటుతూ పోతే కారణమైన పోర్టు దొరుకుతుంది.

తోతాపురి_చిత్తూరు

దొరికింది. షెడ్డు స్విచ్ చివరి పోర్టు. అక్కడ వైఫై పెట్టె ఉంది, రెండు వీల్యాన్‌లు మోయాలి కాబట్టి పోర్టును ట్రంక్‌గా పెట్టారు. మామూలు పోర్ట్‌ఫాస్ట్ ట్రంక్ పోర్టుకు వర్తించదని తెలిసింది, ట్రంక్ అనే మాట చేర్చి ఇచ్చాను. ఆ పెట్టెకు కరెంటు ఇచ్చే అడాప్టర్ వదులుగా ఉండి మాటిమాటికీ ఆగి లేస్తోంది, దాన్నీ మార్పించాను. మధ్యాహ్నం నుంచి లెక్క కదలలేదు.

కాటా గదికి కొత్త బ్యాటరీ, ఫైబర్ తెగితే రాగి వైపు కూడా ఆపేసే రకం కన్వర్టర్లు రెండు జతలు కావాలని కొనుగోళ్ల విభాగానికి రాశాను. కాయ దిగేలోపు వస్తే బిగించి ఇక్కడ రాస్తాను.

స్వర్ణముఖి

కన్వర్టర్లు బిగించే రోజున ఫైబర్‌లో ఒక పోగు మాత్రమే ఊడదీసి చూడండి. రెండు చివర్లా పోర్టు ఆగితేనే ఆ కన్వర్టర్ చెప్పిన పని చేస్తున్నట్టు. రెండు పోగులూ ఊడదీసి చేసే పరీక్షలో లూప్ గార్డ్ అవసరం పడే తప్పు బయటపడదు.